అదే రాయించుకుందట!

పుస్తకావిష్కరణ సభకు శాలువా ఎంత తప్పనిసరో, కొన్నేళ్లుగా ఒక మాట కూడా అంతే తప్పనిసరైపోయింది. సన్మానం అయ్యాక రచయిత మైకు దగ్గరికి వస్తాడు. గొంతు కాస్త తగ్గిస్తాడు. “ఇది నేను రాయలేదండీ, అదే రాయించుకుంది” అంటాడు. ముందు వరసలో పెద్దలు తలలూపుతారు, వెనక వరసలో చప్పట్లు మోగుతాయి. తర్వాత మాట్లాడే సమీక్షకుడు ఆ మాటనే అందుకుని, ఇది చెక్కిన కవిత్వం కాదు, పొంగిన కవిత్వం అంటాడు. ఇంకొకాయన లేచి ఫలానా వారు ఒక్క రాత్రిలో నవల ముగించిన సంగతి చెబుతాడు. ఒక్క కొట్టివేత కూడా లేని తన చేతిరాత పేజీని ఫొటో తీయించి వెనక అట్ట మీద వేసుకున్న కవిని కూడా చూశాను.

నేనూ ఆ సభల్లో కూర్చున్నదాన్నే. మర్యాదకు చప్పట్లు కొట్టినదాన్నే. విజయనగరంలో ఇరవై ఏడేళ్లు హైస్కూల్లో సోషల్ చెబుతూ, ఆ పక్కనే నలభై ఏళ్లుగా కథలు రాస్తున్నాను. ముప్ఫై ఒక్క కథలు, ఒక చిన్న నవల. వాటిలో ఏ ఒక్కటీ తనంతట తాను రాయించుకోలేదు. నా చేత పట్టుబట్టి రాయించుకున్నవి రెండే: పదో తరగతి మార్కుల రిజిస్టరు, జనాభా లెక్కల ఫారాలు.

ఆ మాటను మనం వినయం అనుకుంటున్నాం. గొప్ప చెప్పుకోవడానికి అంతకన్నా తెలివైన పద్ధతి లేదని నాకనిపిస్తుంది. కష్టపడి రాశానని చెబితే, కష్టపడితే మీరూ రాయవచ్చని ఎదుటివాళ్లకు ఒప్పుకున్నట్టవుతుంది. దానంతట అదే వచ్చిందని చెబితే మాత్రం, ఇంతమందిలో నన్నే వెతుక్కుంటూ వచ్చిందని చెప్పినట్టు. పూనకం వచ్చిన మనిషికి జనం దణ్ణం పెడతారు. చాపలు అల్లేవాడికి ఎవరూ పెట్టరు. మన రచయితలకు దణ్ణాలు కావాలి.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి దిగివచ్చిందో కనిపెట్టడం కష్టం కాదు. పోతన గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించాల్సిన చోట ఆగిపోయాడనీ, లేచి బయటకు వెళ్తే రాముడే ఆయన రూపంలో వచ్చి పద్యం పూర్తి చేసి పోయాడనీ చిన్నప్పుడే విన్నాం. (ఆ పద్యం ఎత్తుగడే 2020లో సినిమా పేరు అయింది.) ఈ కథలో అందరం రాముణ్ని పట్టుకుని పోతనను వదిలేశాం. ఆయన ఆగిపోయాడన్న సంగతి కూడా ఆ కథలోదే కదా! రాసిన మాటకు తగిన తర్వాతి మాట దొరక్క, దొరికినదానితో సర్దుకోలేక, గంటం పక్కన పెట్టి లేచిన మనిషి ఆయన. సర్దుకునే రకమే అయితే రాముడు రావాల్సిన పనే పడేది కాదు. తిక్కన సంగతీ ఇంతే. ఆగకుండా పద్యం చెబుతానని ఆయన, అడక్కుండా రాస్తానని లేఖకుడు గురునాథుడు పంతం పట్టారట. ఒకచోట తిక్కనకు మాట తట్టక, ఇప్పుడేం చెప్పనయ్యా అని గురునాథుణ్ని అడిగితే, ఆ అడిగిన మాటే ఛందస్సులో ఇమిడిపోయి కురురాజును పిలిచినట్టయిందట. నిజమో కల్పనో ఎవరికెరుక. కానీ అంత మహాకవి గురించి తరతరాలుగా జనం దాచుకున్న కథ ఆయన ఆగిపోయిన రోజు గురించే. అన్నట్టు ఆయన నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రి. మంత్రిగిరీ చేస్తూ పదిహేను పర్వాలు తెనిగించాడు. మూడ్ వచ్చిన రోజునే కూర్చుంటానని ఉంటే విరాటపర్వం గట్టెక్కేదా?

అవధానం సంగతి మరీ చిత్రం. తెలుగువాళ్లకు ఆశువు మీద ఉన్న మోజంతా అవధానం నుంచి వచ్చిందే. తిరుపతి వేంకట కవుల పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్ల కళ్లు మెరుస్తాయి. అవధాని నోటి వెంట పద్యం ధారగా పడుతుందని, అది తెలుగువాడికి సరస్వతి ఇచ్చిన వరమని అంటారు. ఒక అష్టావధానానికి మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా కూర్చుని చూడండి. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత ఏది రాబోతోందో పృచ్ఛకుడు పసిగట్టి ఆ అక్షరాన్ని కాదంటాడు. అవధాని అనుకున్న మాట పోయింది. ఇంకో మాట వెతుక్కోవాలి. దాని రెండో అక్షరం దగ్గర మళ్లీ కాదంటాడు. అదీ పోయింది. అంటే మన కళ్లెదుట జరుగుతున్నవి కొట్టివేతలే. కాగితం లేదు గనక కనబడవు, అంతే. ఇక సమస్య, దత్తపది, వర్ణన ఏదీ ఒక్క ఊపున పూర్తికాదు. ఆవృత్తానికో పాదం చొప్పున నాలుగు ఆవృత్తాలు నడుస్తాయి. మొదటి పాదానికీ నాలుగో పాదానికీ మధ్య అప్రస్తుత ప్రసంగి వంకాయకూర గురించి అడుగుతాడు, ఎవరో గంట కొడతారు. అయినా పద్యం తెగదు. చివరికి అన్నీ ధారణ చేసి ఒప్పజెప్పాలి. ఆ కొద్ది గంటల వెనక అమరకోశం, వేల పద్యాలు, కుర్రతనం నుంచి చేసిన సాధన ఉన్నాయి. ఆ సాధనను పక్కన పెట్టి ధారను మాత్రం చూసి మురిసిపోయేవాళ్లం, ధార వచ్చిందని చెప్పే ప్రతివాడికీ శాలువా కప్పుతున్నాం.

ఇక్కడ నా మాటకు అడ్డు తగిలే పెద్ద ఉదాహరణ ఒకటుంది. దాన్ని దాటవేస్తే దొంగతనం అవుతుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఇరవై తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించారని ప్రతీతి. అంత లావు పుస్తకం నెల తిరగకుండా! ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో పాటు బహుమతి పంచుకున్న నవల. ఈ సంగతి చెప్పకుండా ఏ రచయితల వర్క్‌షాపూ ముగియదు. సరే, ఒప్పుకుందాం. ఆయన 1895లో పుట్టారు. ఆ నవల నాటికి నలభయ్యో పడి దగ్గరపడుతోంది. కిన్నెరసాని పాటలు, ‘ఏకవీర’ అప్పటికే రాసిన చెయ్యి అది. పురాణాలూ కావ్యాలూ పల్లెటూరి జీవితమూ ఎప్పటి నుంచో లోపల పేరుకుని ఉన్నాయి. నవల చెప్పడానికి నెల పట్టింది. ఆ మనిషి తయారు కావడానికి నెల పట్టలేదు. మా వీధి కొబ్బరిచెట్లు ఎక్కే అతను అర నిమిషంలో పైకి పోతాడు. ఆ అర నిమిషాన్ని చూసి నేనూ చీర బిగిస్తే ఏమవుతుంది? పైగా అదే విశ్వనాథ రామాయణ కల్పవృక్షం మీద దశాబ్దాలు కూర్చున్నారు. ఈ రెండో సంగతిని వర్క్‌షాపుల్లో చెప్పగా నేను వినలేదు.

నేనుండే ఊరిలో ఉన్న ఇంకో సాక్ష్యం సభల్లో అసలు వినపడదు. ‘కన్యాశుల్కం’ విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. జనం మెచ్చారు. 1897లో పుస్తకంగా వచ్చింది. అక్కడితో ఊరుకుంటే గురజాడను ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. పేరు అప్పటికే వచ్చేసింది. కానీ ఊరుకోలేదు. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, రెండో కూర్పు తెచ్చారు. దాన్ని కూర్పు అనడం మన మొహమాటం. ఇవాళ మనం చదివే, ఆడే, మాటకు ముందు మాట అప్పజెప్పుకునే ఏడంకాల నాటకం ఆ 1909 నాటిదే. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒక వేసవి సెలవుల్లో చదివాను. మొదటిదానిలో మధురవాణి ఇంత మనిషి కాదు. గిరీశానికి ఇన్ని రంగులు లేవు. మనకిప్పుడు ప్రాణంలా అనిపించే మాటలు ఎన్నో మొదటి ముద్రణలో వెతికితే దొరకవు.

మొదటి ప్రతిలోనే సహజత్వం ఉంటుంది, దిద్దితే చచ్చిపోతుంది అనేవాళ్లను ఒక్కటే అడుగుతాను. తెలుగులో మధురవాణి కన్నా సహజంగా మాట్లాడిన మనిషి ఎవరు? ఆ సహజత్వం పన్నెండేళ్ల తర్వాత వచ్చింది. ఆ పన్నెండేళ్లూ గురజాడ ఖాళీగా లేరు. సంస్థానం కొలువు, శాసనాల పరిశీలన, కోర్టు వ్యవహారాల కాగితాలు, అనారోగ్యం. ఆ మధ్యలో వేశ్యావాడ మాట, అగ్రహారం మాట, వకీళ్ల ఇంగ్లీషు ముక్కలు వింటూ, పట్టుకుంటూ, మార్చుకుంటూ పోయారు. మొదటి కూర్పును ‘అదే’ రాయించుకుని ఉంటే, రెండోదాన్ని రాసిందెవరు? మరుసటేడు, 1910లో, ఆయన రాసిన కథ పేరు ‘దిద్దుబాటు’. కథలోని దిద్దుబాటు మొగుడి బుద్ధికి సంబంధించిందని నాకు తెలుసు. అయినా మన తొలి కథలని చెప్పుకునేవాటిలో ఒకదానికి ఆ పేరుండటం తలుచుకున్నప్పుడల్లా, దిద్దను గాక దిద్దను అనేవాళ్ల మీద ఆయన నవ్వుతున్నట్టే ఉంటుంది.

‘చందమామ’ మరో సంగతి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా మద్రాసులో ఆ పత్రిక పని చూశారు. సంపాదకుడిగా అచ్చయిన పేరు వేరొకరిది. బయటి నుంచి వచ్చిన కథల్ని కూడా చందమామ ఒరవడిలోకి తిరగరాసేవారు. ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ అంటూ మా తరం పిల్లల్ని నెలనెలా అరుగుల మీద కూర్చోబెట్టిన సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1954 నుంచి 1978 దాకా పన్నెండు సీరియళ్లు. ఒక్కదానికీ ఆయన పేరు వేయలేదు. నెలకో భాగం ఇవ్వాలి, దాన్ని బట్టి చిత్రా గారు బొమ్మలు వేయాలి, తెలుగు నుంచి మిగతా భాషలకు వెళ్లాలి. ఈ నెల మాంత్రికుడు నాలోకి దిగలేదండీ అని ఆయన సెలవు చీటీ రాసిస్తే నడిచేదా? మేం పోస్టు కోసం ఎదురుచూసిన ఆ ఉత్కంఠంతా ఒక ఉద్యోగి టైముకు చేసిన పని. ఆ పని మీద నాకున్న గౌరవం పూనకం మీద లేదు.

అలాంటివాళ్లు మనకు కరువు కాదు. మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ వారం తప్పకుండా దశాబ్దాల పాటు నడిపారు. ‘పాత కెరటాలు’ కోసం ఇంగ్లీషు నవలలు గుట్టలుగా చదివి నాలుగు పేజీల్లోకి దించారు. రావిశాస్త్రి విశాఖలో వకీలు. కోర్టు వరండాల్లో నిలబడని మనిషి ‘ఆరు సారా కథలు’ రాయగలడా? పాలగుమ్మి పద్మరాజు రసాయనశాస్త్రం పాఠాలు చెప్పుకున్నవారే. ఆత్రేయను మాత్రం అవతలి పక్షం వాళ్లు తమ సాక్షిగా పిలుస్తారు. రాసి ప్రేక్షకుల్నీ, రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తాడన్న చమత్కారం ఉండనే ఉంది. చూశారా, మూడ్ రావాలి మరి, అంటారు. నాకది వేరేలా వినిపిస్తుంది. వంటింట్లో మాట్లాడుకునే నాలుగు మాటల్ని ట్యూనులో కూర్చుని, అవి ఇంకెలా ఉన్నా కుదరదనిపించాలంటే రోజులు పట్టవా? కష్టమైన మాటలు తొందరగా దొరుకుతాయి. నిఘంటువులో వరసగా ఉంటాయి.

దిద్దితే సహజత్వం పోతుందన్న వాదానికి నా సొంత అనుభవం కూడా చెప్పాలి. నేను ఒక్క రాత్రిలో రాసిన కథ ఒకటుంది. పిల్లలకు క్వార్టర్లీ పరీక్షలు. పేపర్లు దిద్దడం అయిపోయి పడుకోబోతే కథ తోసుకొచ్చింది. మిగిలిపోయిన ప్రశ్నపత్రాల వెనక తెల్లారేదాకా రాశాను. కళ్లనీళ్లు కూడా వచ్చాయి, నేను రాసిన దానికి నాకే. పొద్దున్నే సాపు ప్రతి తీసి, ఇది దేనికీ అనువాదం, అనుసరణ కాదని హామీ పత్రం జతచేసి, స్టాంపులు అంటించిన కవరుతో సహా ఒక వారపత్రికకు పంపేశాను. అచ్చయింది. పదిహేను రోజులకు రణస్థలం వైపు నుంచి ఒక రైతు కార్డు రాశాడు. మూడే వాక్యాలు. కథ బాగుందన్నాడు. అందులో కొడుకు సంక్రాంతికి ఊరొస్తే తల్లి తాటిముంజలు పెట్టిందని రాశారు, మా ఊళ్లో ముంజలు ఎండాకాలంలో వస్తాయి, మీ ఊళ్లో ఎప్పుడొస్తాయి అని అడిగాడు.

సంక్రాంతికి ఉండేవి తేగలు. ఆ సంగతి నాకు తెలియదా? తాటితోపుల మధ్య పుట్టినదాన్ని. ఆ రాత్రి చెయ్యి పరుగెడుతుంటే, తల్లి ప్రేమ అనగానే మెత్తగా ఉండే ముంజలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. నన్ను ఆపేవాళ్లు లేరు, నేనూ ఆగలేదు. ఆ కథ తనంతట తానే రాయించుకుని ఉంటే, సంక్రాంతికి ముంజలు దొరకవని దానికి తెలియొద్దా? ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులోనే ఉంది, ‘త’ దగ్గర.

ఆ రోజుల్లోనే పత్రికా కార్యాలయంలో పనిచేసి రిటైరై మా వీధిలో ఉండే ఒక పెద్దాయనకు కథలు చూపించడం మొదలుపెట్టాను. ఆయన మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు. కాగితాలు ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేతిలో ఎర్ర పెన్సిలు పెట్టుకుని, “చదువమ్మా, గట్టిగా చదువు” అనేవారు. నేను చదువుతూ ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టేవారు, అంతే. ఎందుకు పెట్టారో చెప్పేవారు కాదు. ఒకసారి మాత్రం, “మొదటి రెండు పేజీలూ నువ్వు గొంతు సవరించుకుంటున్నావమ్మా. పాట మూడో పేజీలో ఎత్తుకున్నావు” అన్నారు. నాకు రోషం వచ్చింది. ఇంటికొచ్చి మొదటి రెండు పేజీల్లో ఏం పోతే కథ ఆగిపోతుందో చూద్దామని ఒక్కో వాక్యం తీసి చూశాను. ఏదీ ఆగలేదు.

ఒక కథలో ఇలాంటి చోటు వచ్చింది. అమెరికా నుంచి కొడుకు ఫోన్ చేసి ఈసారి కూడా పండక్కి రావడం కుదరదంటాడు. తల్లి ఫోన్ పెట్టేస్తుంది. మొదటి ప్రతిలో ఇలా రాశాను: “ఆమె కళ్ల నుంచి కన్నీళ్లు జలజలా రాలాయి. గుండె బరువెక్కింది.” ఆవేశంతో రాసిన వాక్యాలే. పొంగి వచ్చినవే. కానీ అవి నావి కావు. వారపత్రికల్లో వెయ్యిసార్లు చదివిన కన్నీళ్లు నా పెన్నులోంచి వచ్చాయి. మనం దేన్ని పొంగు అంటున్నామో అందులో సగం ఇదే. లోపలి నుంచి వచ్చిందనుకుంటాం. ముందు లోపలికి వెళ్లిందే తిరిగి వస్తుంది. రెండో ప్రతిలో కన్నీళ్లు తీసి కిటికీలోంచి ఖాళీ వీధి చూపించాను. అది సినిమా. మూడో ప్రతిలో ఏమీ లేకుండా వదిలేశాను; మరీ బోసిగా ఉంది. కథ రెండు నెలలు బీరువా మీద పడి ఉంది. ఒకరోజు మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ ఆడపడుచు పోయిన కబురు అప్పుడే తెలిసింది. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్లి అంట్లు ముందేసుకుని కూర్చుంది. నేను చూస్తున్నాను.

ఇంటికొచ్చి రాశాను: “ఆవిడ గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసే మళ్లీ కడిగింది.”

ఆ కథ గురించి ఎవరు మాట్లాడినా ఈ చోటే చెబుతారు. ఎంత సహజంగా వచ్చిందండీ, అంటారు. నాలుగో ప్రతిలో వచ్చిందని చెబితే మొహంలో కాస్త నిరాశ కూడా కనబడుతుంది, తిరుపతి లడ్డూ అనుకుని తింటే ఇంట్లో చేశామని చెప్పినట్టు.

మెరుపు లేదని నేననడం లేదు. గ్లాసు వాక్యం కూడా ఒక్క క్షణంలోనే తట్టింది. కానీ ఆ చోటు ఖాళీగా రెండు నెలలు నాతో తిరిగింది కాబట్టి పెద్దమ్మ చేతులు నాకు కనిపించాయి. ఆ వంటింట్లో ఇంకో నలుగురున్నారు. వాళ్లూ అదే చూశారు.

మూడ్ గురించి మాట్లాడేవాళ్ల ఇళ్లలో పొద్దున్నే కాఫీ ఎవరు పెడతారో ఎప్పుడైనా కనుక్కున్నారా? “ఆయన రాసుకుంటున్నారు, చప్పుడు చేయకండి” అని పిల్లల్ని కసిరే మనిషి ఒకరుంటే మూడ్ వస్తుంది. నాకు అయిదింటికి కుళాయి వచ్చేది. నీళ్లు పట్టుకోవాలి, ముగ్గురికి క్యారేజీలు కట్టాలి, ఎనిమిదీ ఇరవై బస్సు. అందుకని మూడున్నరకు లేచేదాన్ని. లేచిన మొదటి పావుగంటలో ఏమీ వచ్చేది కాదు. నిన్న రాసిన పేజీని మళ్లీ రాసేదాన్ని, చేతికి పని ఉండాలని. రాస్తుంటే ఎక్కడో ఒకచోట తప్పు కనబడేది, దాన్ని దిద్దబోతే కథ కదిలేది. వారపత్రికలు వెలిగిన రోజుల్లో సీరియళ్లు రాసిన ఆడవాళ్లలో ఎంతమంది ఇలాగే రాసి ఉంటారో! యద్దనపూడి ‘సెక్రటరీ’ని తేలిక పుస్తకమని కొట్టిపారేసిన విమర్శకుల్ని నేనెరుగుదును. పాఠకురాలు వచ్చే సంచిక కోసం ఎదురుచూసేలా భాగాన్ని ఎక్కడ తెంచాలో తెలియడం తేలికో కాదో, వాళ్లు ఒక్క భాగం రాసి చూడాల్సింది.

ఇదంతా రచయితలు తమలో తాము ముచ్చటించుకునే విషయమైతే నేనింత గొంతు చించుకునేదాన్ని కాదు. దీని వల్ల నష్టం ఉంది. మొదటి నష్టం డబ్బుది. కథకు పారితోషికం ఏదని అడిగితే ఒక నిర్వాహకుడు నవ్వి, “మీరు రాయకుండా ఉండలేరు కదండీ” అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, ఆయన తప్పేముంది? అదే రాయించుకుందని మనమే మైకులో చెప్పాం. తనంతట తాను పుట్టినదానికి కూలి ఎవరిస్తారు? ఒకప్పుడు ఆలస్యంగానైనా మనీయార్డరు వచ్చేది. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి ఆ నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే మా అత్తగారికి నేను చేసేది పనేనని మొదటిసారి నమ్మకం కలిగింది. ఇప్పుడు శాలువాలు వస్తున్నాయి. నా దగ్గర పదకొండున్నాయి. విజయనగరం ఎండల్లో వాటినేం చేసుకోను?

రెండో నష్టం పుస్తకాలది. దిద్దడమే అపచారమైనప్పుడు ఎడిటరు ఎందుకు? రచయిత డీటీపీ చేయించిన ఫైలు తిన్నగా ప్రెస్సుకు పోతోంది. ఒకే పాత్ర పేరు ముప్ఫయ్యో పేజీలో సుభద్ర, తొంభయ్యో పేజీలో సుశీల. అచ్చుతప్పు చూపించిన పాఠకుడి మీద, నా అనుభూతిని అక్షరాల్లో వెతకొద్దని కోపం! ఈ మధ్య ఫోనుల్లోకి ఒక యంత్రం వచ్చింది. ఏది అడిగినా ఆగకుండా, కొట్టివేత లేకుండా, అలుపు లేకుండా పేజీలు పోస్తుంది. కొట్టివేతలు లేకపోవడమే గొప్ప అయితే ఆ వెనక అట్ట కవిగారికి ఇక పోటీ తప్పదు.

మూడోదాన్నే నేను క్షమించలేను. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయానికి అప్పుడప్పుడూ వెళ్తుంటాను. లెక్కల మాస్టారు ఆయన. దాదాపు నూరేళ్ల జీవితంలో ఆయన రాసిన కథలు తక్కువ. ఇతరుల కథల్ని సేకరించి దాచడానికి ఇల్లు కట్టాడు గానీ, తన కథలు ఎవరో రాయించారని చెప్పలేదు. కథ ఎలా కట్టాలో కుర్రాళ్లకు ఓపిగ్గా వివరించాడు. అక్కడ పాత పత్రికలు తిరగేస్తుంటే ఒకరోజు ఒక డిగ్రీ పిల్ల పలకరించింది. తను కూడా కథలు రాసేదట, మానేసిందట. ఎందుకమ్మా అంటే, “నాకు అలా రావట్లేదండి టీచర్. ఒక పేజీకే నాలుగు రోజులు పడుతోంది. పెద్ద రచయితలందరూ దానంతట అదే వస్తుందంటున్నారు కదా, నాలో అది లేదనుకున్నా” అంది.

నాలుగు రోజులకు ఒక పేజీ రాసే పిల్ల! ఆ వయసులో నాకు వారం పట్టేది. సభల్లో చప్పట్లు కొట్టినందుకు ఆ రోజు సిగ్గుపడ్డాను. ఇంటికి రమ్మన్నాను. నా సాపు ప్రతులు కాకుండా చిత్తు ప్రతుల కట్ట తీసి ముందు పెట్టాను: ప్రశ్నపత్రాల వెనక గీతలు, బాణాలు, మార్జిన్‌లో పచారీ సరుకుల చీటీ, రెండు పేజీల మీద అడ్డంగా కొట్టివేత. తను ఆ కొట్టివేతల కింద ఉన్న మాటల్ని వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. అట్టల మీది ఫొటోల కన్నా శ్రద్ధగా చూసింది.

తర్వాత నాలుగు నెలల్లో ఆ పిల్ల ఒకే కథ మూడుసార్లు తెచ్చింది. నేనేమీ చెప్పలేదు. పెద్దాయన పద్ధతే: గట్టిగా చదవమంటాను, తడబడిన చోట గీత పెడతాను. మూడోసారి తెచ్చినప్పుడు రెండో పేజీలో నాకు బాగా నచ్చిన వాక్యం కనబడలేదు. చెరువు గట్టు మీద వెన్నెల గురించి, అచ్చంగా కవిత్వంలా ఉండేది.

“అదెందుకు తీసేశావే?” అన్నాను, కాస్త బాధగానే.

“అక్కడ ఆ ముసలాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు కదండి. ఇంక వెన్నెలెందుకు?” అంది. అని, నా చేతిలో పెన్సిలు తీసుకుని, దాని కింద వాక్యాన్ని కూడా కొట్టేసింది.